పట్టినంత పిండి

గ్రీసు దేశంలో పాతకాలపు ఇళ్లలో అట్టలు ఊడి, పేజీల మీద నూనె మరకలు పడ్డ వంటల నోటుపుస్తకం ఒకటి తప్పకుండా దొరుకుతుంది. అందులో ఈస్టరు పండక్కి చేసుకునే కూలురాక్యా అనే బిస్కట్ల పేజీ తీయండి. వెన్న ఇంత, పంచదార ఇంత, గుడ్లు ఇన్ని, నారింజరసం అరకప్పు అంటూ లెక్క పక్కాగా నడుస్తుంది. తీరా అసలు సరుకైన పిండి దగ్గరికి వచ్చేసరికి రెండే రెండు మాటలు ఉంటాయి: ఒసో పారి. ఎంత పడితే అంత అని అర్థం. కొత్తగా వేరు కాపురం పెట్టిన మనవరాలు ఫోన్ చేసి "యాయా, ఎంత పడితే అంత అంటే ఎంత?" అని అడిగితే (అమ్మమ్మనూ నానమ్మనూ కూడా వాళ్లు యాయా అనే పిలుస్తారు), "చేతికి అంటుకోవడం మానేదాకా" అని జవాబు వస్తుంది. ఆ పిల్లకు ఒళ్లు మండుతుంది. కప్పుల్లో చెప్పమంటే చేతుల్లో చెబుతుందేమిటి?

మనకిదేం కొత్త కాదు. చపాతీ పిండి కలపడానికి నీళ్లెన్ని అని అడిగితే మన ఇళ్లలో "తగినన్ని" తప్ప వేరే మాట వినబడదు. ఒక్కటే తేడా. మనం పిండిని కొలిచి నీళ్లను వదిలేస్తాం, వాళ్లు తడిని కొలిచి పిండిని వదిలేస్తారు. ఒకే లెక్కను రెండు వైపుల నుంచి చేస్తున్నారన్నమాట.

ఇందులో తప్పుపట్టాల్సింది పిండిని, యాయాను కాదు. బస్తాలో పొడిపొడిగా కనిపించే గోధుమపిండిలో కూడా నూటికి పది నుంచి పద్నాలుగు పాళ్ల దాకా నీళ్లుంటాయి. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చుకుని అది పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. ప్రోటీన్ ఎక్కువున్న గోధుమ ఎక్కువ నీళ్లు తాగుతుంది. మిల్లులో గట్టిగా నలిగి చిట్లిన గంజి రేణువు, చెక్కుచెదరని రేణువు కంటే ఎన్నోరెట్లు ఎక్కువ తాగుతుంది. కాబట్టి పోయిన నెల మూడు కప్పులు పట్టిన చోట ఈ నెల మూడుంపావు పట్టవచ్చు. "మూడు కప్పులు" అని రాసిపెట్టిన పుస్తకమే ఏదో ఒక రోజు మోసం చేస్తుంది. ముద్ద చేతిని వదిలేసే క్షణం మాత్రం ఏ పిండికైనా ఒకటే. పిండికీ నీళ్లకూ కుదిరాల్సిన పొత్తు అప్పటికి కుదిరింది.

గ్రీకు ఇంటివంటను కొన్నాళ్లు గమనించాక నాకు అర్థమైంది ఇదీ. ఆ వంటలో సూత్రాలన్నీ ఎంత వెయ్యాలన్న దాని గురించి కావు, ఎక్కడ ఆపాలన్న దాని గురించి. ఆ ఆపే గుర్తులు దాదాపు ప్రతిసారీ నీళ్ల గురించే. నీళ్లు ఎక్కడున్నాయి, ఎటు పోతున్నాయి, ఇంకా ఎన్ని మిగిలాయి అన్నదే ఆ గుర్తు చెబుతుంది.

పిండితోనే మొదలుపెడదాం. ఫీలో అంటే గ్రీకులో ఆకు. చెట్టు ఆకుకూ, కాగితానికీ, పల్చగా వత్తిన పిండి పొరకూ అదే మాట. ఇంట్లో ఫీలో చేసేవాళ్లు పిండిలో కాస్త ఆలివ్ నూనె, ఒక చెంచా వెనిగర్ వేసి కలిపి, తడిగుడ్డ కప్పి అరగంటకు పైగా వదిలేస్తారు. ఆ అరగంటలో పైకి ఏమీ జరగదు. లోపల గ్లూటెన్ సర్దుకుంటుంటుంది. గోధుమలోని రెండు రకాల ప్రోటీన్లు నీళ్లు తగలగానే చెయ్యీ చెయ్యీ పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఒకటి సాగనిస్తుంది, రెండోది సాగినదాన్ని వెనక్కి లాగుతుంది. అప్పుడే పిసికిన ముద్దను వత్తితే ఆ రెండోది పట్టు వదలదు. వత్తినంతసేపూ పొర మళ్లీ ముడుచుకుంటుంటుంది. కాసేపు వదిలేస్తే ఆ బిగువు సడలుతుంది. వెనిగర్‌లోని ఆమ్లం ఇంకొంచెం సడలిస్తుంది. ఆ తర్వాత మన అప్పడాల కర్ర కంటే సన్నంగా, బారెడు పొడుగుండే కర్రకు ఆ పొరను చుట్టి, అరచేతులతో అటూ ఇటూ దొర్లిస్తూ వెనక టేబుల్ గీతలు కనిపించేంత పల్చగా తెస్తారు.

ఇది చదువుతుంటే మీకు ఆత్రేయపురం పూతరేకు గుర్తొచ్చి ఉంటుంది. పల్చదనంలో రెండూ ఒక తల్లి బిడ్డల్లా కనిపిస్తాయి గాని పుట్టుకలు వేరు. బియ్యంలో గ్లూటెన్ లేదు. దాన్ని ఎంత పిసికినా సాగదు. అందుకే మనవాళ్లు సాగదీయడం మానేసి, బియ్యపు జావలో గుడ్డ ముంచి బోర్లించిన వేడి కుండ మీద లాగుతారు. క్షణంలో గంజి ఉబ్బి, ఉడికి, ఎండి రేకై లేస్తుంది. గోదావరి రేకును పట్టి ఉంచేది గంజి, గ్రీకు ఆకును పట్టి ఉంచేది ప్రోటీన్. ఒకటి పూస్తే వస్తుంది, ఇంకోటి సాగదీస్తే వస్తుంది.

బక్లవా అనే మిఠాయి చేసేటప్పుడు ఈ ఆకుల్ని పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పరిచి, ప్రతి ఆకుకూ కరిగిన వెన్న రాస్తారు. జాగ్రత్తగల ఇల్లాలు ముందుగా ఆ వెన్నను కాచి, పైన తేరినదాన్ని మాత్రమే తీసుకుని అడుగున మిగిలిన తెల్లటిదాన్ని పారేస్తుంది. అంటే మన నెయ్యి లాంటిదే. కారణమూ నీళ్లే. మామూలు వెన్నలో నూటికి పదహారు పాళ్లదాకా నీళ్లుంటాయి. ఆ నీళ్లు ఆకుకు అంటితే పక్కపక్క ఆకులు అతుక్కుని ముద్దవుతాయి. నెయ్యయితే ఆకుకూ ఆకుకూ మధ్య గోడలా నిలుస్తుంది. ఓవెన్‌లో పెట్టగానే పిండి లోపల ఉన్న తడి ఆవిరవుతుంది. నీళ్లు ఆవిరైతే సుమారు పదహారు వందల రెట్లు చోటు కావాలి. ఆ ఆవిరి దారి వెతుక్కుంటూ ఆకుల్ని విడదీసి పైకి లేపుతుంది. ఆకు ఎండి పెళుసెక్కేసరికి నీళ్లు వెళ్లిపోయి ఉంటాయి, వాటి స్థానంలో గాలి అరలు మిగులుతాయి.

అంత కష్టపడి వెళ్లగొట్టిన నీళ్లను మళ్లీ పాకం రూపంలో నెత్తిన పోయడం చూస్తే మతిలేని పనిలా ఉంటుంది. ఇక్కడే గ్రీకు వంటింట్లో అన్నిటికన్నా గట్టిగా పాటించే నియమం వస్తుంది: ఒకటి వేడిగా ఉంటే రెండోది చల్లగా ఉండాలి. బక్లవా పొయ్యిలోంచి అప్పుడే తీస్తే పాకం చల్లారి ఉండాలి. బక్లవా చల్లారితే పాకం మరుగుతూ ఉండాలి. రెండూ చల్లగా ఉంటే ఏమవుతుంది? చిక్కటి పంచదార పాకం ఆరిన ఆకుల మధ్యకు దూరలేదు. పక్కలనుంచి జారి పళ్లెం అడుగున చేరుతుంది. రెండూ వేడిగా ఉంటే పాకం నీళ్లలా దూరిపోతుంది, వేడి ఇంకా దిగదు, ఆవిరి బయటికి పోదు, ఆకులు ఉడికి పేస్టవుతాయి. ఒకటి వేడి, ఒకటి చల్లన అయినప్పుడు తగిలిన చోట మాత్రం పాకం పల్చబడి లోపలికి జారుతుంది. జారుతూనే మొత్తం వేడి దిగిపోయి మళ్లీ చిక్కబడి అక్కడే నిలిచిపోతుంది. నూటికి అరవై అయిదు పాళ్లు పంచదార ఉన్న పాకం గది వేడి నుంచి 80 డిగ్రీలకు వెళ్లేసరికి పది రెట్లకు పైగా పల్చబడుతుంది. నియమమంతా ఆ ఒక్క గుణం మీద నిలబడింది. పాకం పోశాక మూత పెట్టకూడదని కూడా చెబుతారు. ఎందుకో ఇక మీరే చెప్పగలరు.

మొత్తం గ్రీకు వంటలో అంకెల్లో చెప్పే సూత్రం ఒకటుంది. రవ్వ హల్వాకు ఒకటి, రెండు, మూడు, నాలుగు. నూనె ఒక కప్పు, బొంబాయిరవ్వ రెండు, పంచదార మూడు, నీళ్లు నాలుగు. చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చే లెక్క. మన రవ్వకేసరికి ఇది దగ్గరి చుట్టం. నెయ్యి బదులు ఆలివ్ నూనె, జీడిపప్పు బదులు బాదం, యాలకుల బదులు దాల్చినచెక్క. నెయ్యి లేకపోవడానికి కారణం ఉపవాసం. ఈస్టరుకు ముందు వచ్చే నోముల రోజుల్లో ఆర్థొడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అప్పుడు తియ్యగా తినాలంటే ఈ హల్వానే దిక్కు. రవ్వను నూనెలో ఎర్రగా వేయించడంలోనే రుచంతా ఉంది. రవ్వలోని ప్రోటీనూ చక్కెరలూ 140 డిగ్రీలు దాటాక కలిసి వందలకొద్దీ కొత్త పరిమళ పదార్థాలవుతాయి. నీళ్లున్న చోట వేడి 100 దాటదు గనక, ఈ పని నీళ్లు పోయకముందే అయిపోవాలి. తర్వాత మరిగే పాకాన్ని ఆ నూనెలో పోస్తే మూకుడు బుస్సున పైకి లేస్తుంది. చెయ్యి దూరంగా పెట్టుకోండి. ఇంత అంకెల్లో చెప్పినా, ఎప్పుడు దించాలని అడిగితే మళ్లీ పాత పాటే. హల్వా గిన్నె అంచుల్ని వదిలేదాకా తిప్పమంటారు.

కూరల దగ్గరికి వద్దాం. గ్రీకు ఇళ్లలో వారంలో సగం రోజులు వండుకునేవి లదెరా, అంటే నూనెకూరలు. బీన్స్, బెండకాయలు, వంకాయలు, బఠాణీలు, ఏవైనా సరే ఉల్లిపాయ, టమాటా, మన కళ్లు తిరిగేంత ఆలివ్ నూనె వేసి సన్నటి సెగ మీద గంటసేపు వదిలేస్తారు. దించే గుర్తు ఏమిటయ్యా అంటే, కూర "తన నూనెతో మిగలాలి". మనవాళ్లు "నూనె పైకి తేలేదాకా" అంటారే, అచ్చం అదే. నీళ్లున్నంతసేపూ గిన్నెలో బుడబుడలు వినిపిస్తాయి, వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది. నీళ్లు అయిపోగానే చప్పుడు చిటపటలుగా మారుతుంది, నూనె విడిగా మెరుస్తుంది, వేడి గబగబా పెరగడం మొదలవుతుంది. ఆ చప్పుడు మారే క్షణమే గ్రీకు గృహిణి థర్మామీటరు. గంటసేపు ఉడికినా బీన్సు చితికిపోకపోవడానికి కారణం టమాటాలోని పులుపు. మొక్క కణాలను అతికి ఉంచే పెక్టిన్ అనే జిగురు పులుపులో తొందరగా కరగదు. టమాటాకు ఎర్రరంగు ఇచ్చే లైకోపీన్ నూనెలో కరిగే పదార్థం. వండి, నూనె తగిలిన టమాటాలోంచే అది మన ఒంటికి బాగా ఎక్కుతుంది.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్లు క్రీట్ దీవి బతుకు ఎలా ఉందో చూసి రమ్మని ఒక బృందాన్ని పంపారు. లేలండ్ ఆల్బా రాసిన ఆ నివేదిక 1953లో వచ్చింది. ఆ జనం తినే తిండిలో నూనె వాడకం చూసి అమెరికన్లు నోరు వెళ్లబెట్టారు. తర్వాత ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1958లో మొదలుపెట్టిన ఏడు దేశాల అధ్యయనంలో ఇదే క్రీట్ మగవాళ్లకు గుండెజబ్బులు చాలా తక్కువని తేలింది. ఆ తేడా అంతా నూనె వల్లేనా, పొలం పనుల వల్లా, ఆకుకూరల వల్లా, ఉపవాసాల వల్లా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నాకు మట్టుకు, ఒక్క సరుకును వేరుచేసి మందు సీసాలా అమ్మేవాళ్లంటే అనుమానం.

అయితే నూనెలో మందు అసలే లేదని కూడా అనలేం. తాజా ఆలివ్ నూనె మింగితే గొంతు వెనక సర్రున మండుతుంది, కొందరికి దగ్గు కూడా వస్తుంది. గ్యారీ బోషాంప్ అనే శాస్త్రవేత్త ఇటలీ వెళ్లినప్పుడు ఆ మంటను ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాడు. ఆయన అంతకుముందు ద్రవరూపంలో ఉండే ఐబూప్రొఫెన్ మందు రుచిని పరిశీలించి ఉన్నాడు. మంట అదే, చోటూ అదే. ఆయన బృందం 2005లో ఆ పదార్థాన్ని వేరుచేసి ఓలియోకాంథాల్ అని పేరు పెట్టింది. ఐబూప్రొఫెన్ అడ్డుకునే ఎంజైములనే ఇదీ అడ్డుకుంటుంది. పేరులో ఉన్న అకాంథా అనే గ్రీకు మాటకు ముల్లు అని అర్థం.

వంకాయ దగ్గర మాత్రం నూనె మీద అదుపు కావాలి. వంకాయ లోపలంతా గాలి అరలతో స్పాంజిలా ఉంటుంది, మూకుడులో వేస్తే ఎంత నూనైనా తాగేస్తుంది. వంకాయ, మాంసంతో చేసే మూసకా అనే వంటకం కోసం దాన్ని చక్రాల్లా తరిగి ఉప్పు జల్లి అరగంట ఉంచుతారు. మాగాయకు ఉప్పేస్తే ఊట ఊరినట్టు, ఉప్పు కణాల్లోంచి నీళ్లను లాగేస్తుంది. కణాలు కుంగి గాలి అరలు మూసుకుపోతాయి, నూనె వాడకం తగ్గుతుంది. ఆ వంకాయల మీద, మాంసం మీద తెల్లటి దుప్పటిలా పరిచే బెషమెల్ సాసు మాత్రం యాయాల సొత్తు కాదు. సిఫ్నోస్ దీవిలో పుట్టి, పరాయి దేశాల్లో వంట నేర్చుకున్న నికొలావోస్ చెలెమెంతెస్ దాన్ని ఫ్రెంచి వంట నుంచి తెచ్చి మూసకాకు కప్పాడు. టర్కీ వాసనలు తగిలి గ్రీకు వంట పాడైందని, యూరపు తీరుకు మార్చాలని ఆయన పట్టుదల. ఆయన పుస్తకం ఎంతగా ఇంటింటికీ చేరిందంటే, గ్రీసులో వంటల పుస్తకం దేన్నయినా చెలెమెంతెస్ అనే అంటారు. మసాలాలు తగ్గించమన్న ఆయన సలహాను క్షమించలేనివాళ్లు కూడా ఉన్నారు. నేనూ వాళ్ల పక్షమే.

పెరుగు గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. గొర్రెపాలలో ఆవుపాల కన్నా కొవ్వూ ప్రోటీనూ దాదాపు రెట్టింపు ఉంటాయి గనక అక్కడి పెరుగు కత్తికి కోత పడేంత గట్టిగా తోడుకుంటుంది. దాన్ని గుడ్డసంచిలో మూటకట్టి వేలాడదీసి నీరు కార్చేస్తారు. ఈ పెరుగులో వెల్లుల్లి, దోసకాయ కోరు కలిపితే జాజీకి. దోసకాయ కోరుకు ముందే ఉప్పు రాసి గట్టిగా పిండకపోతే, మూటకట్టి తీసేసిన నీరంతా గంటలో మళ్లీ గిన్నెలో ఉంటుంది. జున్నులాంటి ఫెటాది ఇంకో కథ. అది ఉప్పునీళ్లలోనే బతుకుతుంది. ఉప్పు ఎక్కువైందని ఎవరైనా తెలియక ఉత్తనీళ్లలో వేసి ఉంచితే పైపొర జిగురుగా కరిగిపోతుంది. దాన్ని గట్టిగా పట్టి ఉంచే కాల్షియం నీళ్లలోకి జారుకుంటుంది మరి. ఈ కాల్షియం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిబడుతుంది. ఫెటా అన్న పేరు 2002 నుంచి యూరోపియన్ యూనియన్‌లో గ్రీసుకే చెందుతుంది. కనీసం డెబ్భై పాళ్లు గొర్రెపాలు, మిగతాది మేకపాలు ఉండాలి. జర్మనీ, డెన్మార్క్ కోర్టుకెక్కాయి గాని 2005లో గ్రీసే గెలిచింది.

ఇక అవ్గోలేమొనో. గుడ్డు, నిమ్మకాయ అని ఆ మాటకు అర్థం. కోడి, బియ్యం వేసి కాచిన చారులో గుడ్డూ నిమ్మరసం గిలకొట్టి కలిపితే పాలు పోసినట్టు చిక్కటి తెల్లటి చారవుతుంది. చుక్క పాలు ఉండవు. ఇది వింటే తేలిక, చేస్తే గండం. నేను మొదటిసారి చేసినప్పుడు చారులో ఆమ్లెట్ ముక్కలు తేలాయి. గ్రీకులు అప్పుడు "కోసుకుపోయింది" అంటారు, మనం పాలను అన్నట్టు "విరిగింది" అంటాం. గుడ్డు ప్రోటీన్లు దారపు ఉండల్లా చుట్టుకుని ఉంటాయి. 60 డిగ్రీలు దాటాక అవి విప్పుకుని ఒకదానికొకటి పెనవేసుకోవడం మొదలెడతాయి. నెమ్మదిగా వేడెక్కితే పల్చటి వలలా అల్లుకుని నీళ్లను పట్టి ఉంచుతాయి, చారు చిక్కబడుతుంది. ఒక్కసారిగా వేడి తగిలితే గట్టిగా బిగుసుకుని నీళ్లను బయటికి పిండేస్తాయి. అందుకే గుడ్డును చారులో పోయరు. వేడి చారునే గరిటెతో సన్నటి ధారగా గుడ్డులో పోస్తూ గిలకొడతారు. గుడ్డు చారంత వేడెక్కాక అప్పుడు గిన్నెలో కలిపి, ఇక మరగనివ్వరు. బియ్యంలోంచి వచ్చిన గంజి కూడా ప్రోటీన్ల మధ్య అడ్డంపడి వాటిని మరీ దగ్గరికి చేరనివ్వదు.

ఈ ధార పోసేటప్పుడు గ్రీకు ఆడవాళ్లు పెదవులతో ముద్దుల చప్పుడు చేస్తారు. అలా చేస్తే చారు విరగదని నమ్మకం. శాస్త్రం చదివినవాళ్లు నవ్వేస్తారు. నేను నవ్వలేదు. ఒక్కో ముద్దుకు ఒక్కో చుక్క చొప్పున పోసే మనిషి చెయ్యి తొందరపడలేదు కదా. రెండోసారి ఎవరూ లేనప్పుడు నేనూ అలాగే చేశాను. విరగలేదు.

కాల్షియం దగ్గరికి మళ్లీ వచ్చాం. సిఫ్నోస్ దీవిలో ఆదివారం భోజనం రెవిథాదా. కాబూలీ శనగలు, ఉల్లిపాయలు, నూనె, బిరియానీ ఆకు, అంతే. మట్టికుండకు మూత బిగించి శనివారం సాయంత్రం ఊళ్లో బేకరీవాడి కట్టెల పొయ్యిలో పెట్టి వస్తారు. రొట్టెలు కాల్చాక పొయ్యిలో మిగిలిన వేడి రాత్రంతా నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. ఆదివారం పొద్దున చర్చి నుంచి వస్తూ ఎవరి కుండ వాళ్లు తెచ్చుకుంటారు. శనగ ఆకారం చెడకుండా నోట్లో వెన్నలా కరగాలి. అంతసేపు ఎందుకంటే, శనగ కణాలను అతికిన పెక్టిన్ కరగడానికి సమయం పడుతుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే ఆ పెక్టిన్ పోగుల్ని అవి కుట్టేసినట్టు పట్టుకుంటాయి. ఇక ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుంది. బోరునీళ్లతో కందిపప్పు వండి విసిగిపోయిన ప్రతి తెలుగు ఇల్లాలికీ ఇది అనుభవమే. ఎండు దీవుల్లో ఇంటి తొట్లలో వాననీళ్లు పట్టుకునే అలవాటు పాతది, వాననీళ్లలో ఈ ఖనిజాలు ఉండవు. పట్నాల్లో వాళ్లు నానిన శనగలకు వంటసోడా రాసి, కాసేపుంచి కడిగేస్తారు. సోడా క్షారం పెక్టిన్‌ను తొందరగా విడగొడుతుంది, దాంతోపాటు కొంత బి1 విటమిన్‌నూ పోగొడుతుంది.

శనగలకు శత్రువైన ఇదే కాల్షియాన్ని గ్రీకు ఇల్లాలు ఇంకో గిన్నె దగ్గర పిలిచి పీట వేస్తుంది. గ్లికో తూ కుతాల్యూ అంటే చెంచా మిఠాయి. ద్రాక్ష, నారింజ తొక్క, పుల్ల చెర్రీ, పుచ్చకాయ తొక్క, పచ్చి ఆక్రోటు కాయ, ఆఖరికి వేలెడంత బుల్లి వంకాయ కూడా పాకంలో ఊరి మిఠాయి అవుతుంది. మెత్తటి పళ్లు పాకంలో మరిగితే చితికిపోతాయి గనక ముందు వాటిని సున్నపు తేటలో నానబెడతారు. తాంబూలంలో వేసుకునే సున్నమే. నీళ్లలో కలిపి, అడుగుకు దిగాక పైన తేటను తీసుకుంటారు. ఆగ్రా పేఠాకు బూడిద గుమ్మడికాయ ముక్కల్ని నానబెట్టేదీ ఇందులోనే. సున్నంలోని కాల్షియం రెండేసి పెక్టిన్ పోగుల మధ్య గుంటల్లో కూర్చుని వాటిని కలిపి పడుతుంది. ఆ బొమ్మ గీస్తే గుడ్లు పెట్టుకునే అట్టలా ఉంటుందని శాస్త్రవేత్తలు దానికి గుడ్లఅట్ట నమూనా అనే పేరు పెట్టారు. తర్వాత పళ్లను నాలుగైదు నీళ్లలో బాగా కడగాలి. ఇక ఎంతసేపు మరిగినా పైపొర కరకరలాడుతూనే ఉంటుంది.

పాకం పట్టడం ఒక్క రోజు పని కాదు. పండును సరాసరి ముదురు పాకంలో వేస్తే లోపలి నీళ్లు పరుగున బయటికి వస్తాయి, పంచదార మాత్రం నెమ్మదిగా లోపలికి పోతుంది. కాయ ముడుచుకుని బెండులా అవుతుంది. ఉసిరికాయ మురబ్బా పెట్టినవాళ్లకు తెలుసు. అందుకే మొదటి రోజు కాసేపు మరిగించి రాత్రంతా వదిలేస్తారు, రెండో రోజు మళ్లీ మరిగిస్తారు. ఆపే గుర్తు ఇక్కడా ఉంది. చల్లటి పళ్లెం మీద పాకం చుక్క వేస్తే అది పారకుండా గుండ్రంగా నిలబడాలి. మనం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ లాగి చూస్తాం. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని మన భాషలో ఉన్నన్ని మెట్లు వాళ్లకు అక్కర్లేదు, వాళ్లకు కావల్సింది తీగపాకం దరిదాపుల్లో ఒకటే మెట్టు. థర్మామీటరు పెడితే అది సుమారు 105 డిగ్రీలు. నీళ్లు పోయేకొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుంది కనుక ఆ అంకె నిజానికి ఇంకా ఎన్ని నీళ్లు మిగిలాయో చెబుతోంది. మిగిలిన ఆ కాసిని నీళ్లనూ పంచదార గట్టిగా పట్టుకుని ఉంటుంది, సూక్ష్మజీవులకు అందనివ్వదు. సీసా ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవుంటుంది.

దించే ముందు నిమ్మరసం పిండుతారు. మన మిఠాయివాళ్లూ పాకంలో నిమ్మచెక్క పిండుతారు. ఆ పులుపుకు పంచదారలో కొంత భాగం గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. మూడు రకాల చక్కెరలు గుంపులో కలిసి ఉంటే ఏ ఒక్కటీ వరుస కట్టి పలుకు కట్టలేదు. నిమ్మరసం మరిచిపోయిన సీసాలో నెల తిరిగేసరికి అడుగున కలకండ పేరుకుంటుంది.

ఇంటికి ఎవరొచ్చినా ఈ మిఠాయి ఒక్క చెంచాడు చిన్న పళ్లెంలో పెట్టి, పక్కన గ్లాసెడు చల్లటి నీళ్లతో తెచ్చి ఇస్తారు. రెండో చెంచా అడగడం మర్యాద కాదు.

పలుకు కట్టకూడదన్న ఈ పంతానికి పూర్తిగా ఎదురు వెళ్లే మిఠాయి ఒకటి పిల్లల కోసం ఉంది. అందులో పంచదార పాకాన్ని చల్లారుతుండగా ఆపకుండా గిలకొడతారు. పలుకులు కట్టనిస్తారు గాని పెరగనివ్వరు. నాలుకకు తగలనంత చిన్న పలుకులు కోట్లలో పుట్టి, పాకం తెల్లటి మెత్తటి ముద్దవుతుంది. పరిమళానికి మస్తిహా కలుపుతారు. అది హియోస్ దీవి దక్షిణాన ఒక చెట్టు బెరడుకు గాటు పెడితే కన్నీటిబొట్లలా కారి గట్టిపడే బంక. దాని సాగును 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ తెల్ల ముద్దను చెంచాకు చుట్టి చల్లటి నీళ్ల గ్లాసులో ముంచి ఇస్తారు. దాని పేరు ఇపోవ్రీహియో, అంటే జలాంతర్గామి. చల్లటి నీళ్లలో ముద్ద తొందరగా కరగదు, పైన మాత్రం కాస్త మెత్తబడుతుంది. పిల్లలు చెంచా తీసి ఒకసారి నాకి, మళ్లీ ముంచుతారు. ముద్ద అయిపోయాక గ్లాసులో మిగిలిన తియ్యటి నీళ్లు తాగేసి గ్లాసు బోర్లిస్తారు.